పిల్లలకు విషపు మొక్కలు గుర్తుపట్టడం నేర్పేదెలా: బడి కంచె నుంచి వినాయక చవితి పత్రి దాకా

విషపు కాయ తినడానికి పిల్లలు అడవికి వెళ్ళక్కర్లేదు. బడి ప్రహరీ వెంట అడవి ఆముదం, గుడి ముంగిట పచ్చగన్నేరు, రోడ్డు డివైడర్ మీద గన్నేరు, దొడ్లో దానంతటదే మొలిచిన ఉమ్మెత్త, అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన కుండీలో డైఫెన్‌బేకియా అనే అలంకారపు మొక్క, ఇవన్నీ చేతికందే ఎత్తులోనే ఉంటాయి. పైగా పిల్లలు వీటిని ఆకలేసి తినరు, ఆటలో తింటారు. బువ్వలాటలో గింజలు పప్పవుతాయి, ఆకులు కూరవుతాయి. ఒకడు నమిలి "వేరుశనక్కాయలా ఉందిరా" అంటే పక్కనున్న అయిదుగురూ నములుతారు. ఒకే బడి పిల్లలు అడవి ఆముదం గింజలు తిని ఒకేసారి ఆసుపత్రి పాలయ్యారన్న వార్తలు మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం ఇదే.

పిల్లలకు నేర్పాల్సినవి రెండు. తాము రోజూ తిరిగే చోట ఉన్న అయిదారు మొక్కలను పొరపాటు లేకుండా గుర్తుపట్టడం ఒకటి. తెలియనిది ఏదైనా నోట్లో పెట్టే ముందు పెద్దవాళ్ళను అడగడం రెండోది. ఈ రెండూ పనిచేయాలంటే పెద్దవాళ్ళు ఒక మాట ఇవ్వాలి: "తిన్నానని వచ్చి చెబితే తిట్టం, కొట్టం." ఈ మాట లేకపోతే మిగతా పాఠమంతా వృథా. తన్నులు పడతాయని భయపడిన పిల్ల వాంతులు మొదలయ్యాక కూడా ఏం తిన్నదో చెప్పదు. డాక్టరుకు అన్నిటికన్నా ముందు కావలసింది ఆ ఒక్క సమాచారమే.

ముందు మీరొక్కరే తిరిగి రండి

పిల్లలను తీసుకెళ్ళే ముందు ఒక ఆదివారం ఉదయం కాగితం, పెన్ను పట్టుకుని వాళ్ళు నడిచే దారంతా మీరు నడవండి. ఇంటి చుట్టూ, వీధి చివరి ఖాళీ స్థలం, బడికి వెళ్ళే దారి, బడి వెనక కంచె, ఆడుకునే మైదానం, గుడి, చెరువుగట్టు, అన్నీ చూడండి. ఏ మొక్క ఎక్కడుందో, ఇప్పుడు దాని మీద పువ్వుందో కాయుందో రాసుకోండి. అయిదారు మొక్కలు తేలితే చాలు, పాఠం వాటితోనే. మీ ఊళ్ళో లేని మొక్కల బొమ్మలు చూపించి లాభం లేదు. పిల్లలు రెండు రోజుల్లో మరిచిపోతారు.

పేరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు మూడూ మూడు వేర్వేరు చెట్లు. అడవి ఆముదాన్నే కొన్ని ఊళ్ళలో నేపాళం అంటారు, కానీ నేపాళం పేరుతో ఇంకో మొక్క కూడా ఉంది. అందుకని పేరుతో పాటు రూపం రాయండి: ఆకు ఎలా ఉంది, పువ్వు ఏ రంగు, కాయ ఎంత, విరిస్తే పాలు వస్తాయా. అనుమానం ఉంటే వ్యవసాయ విస్తరణ అధికారినో, దగ్గరి కాలేజీలో బోటనీ చెప్పేవాళ్ళనో అడగండి. ఫోటో తీస్తే పేరు చెప్పే ఫోన్ యాప్‌లను తినొచ్చా లేదా అన్న నిర్ణయానికి వాడకండి. అవి దగ్గరి పోలికలున్న మొక్కలను కలిపేస్తాయి.

దగ్గరగా చూడవలసిన మొక్కలు

అడవి ఆముదం (జట్రోఫా). పిల్లల విషయంలో దీన్ని మొదట పెట్టాలి. పశువులు తినవు కాబట్టి పొలాలకు, బళ్ళకు కంచెగా వేస్తారు. 2000ల దశకంలో బయోడీజిల్ కోసమని బీడు భూముల్లో, రైల్వే పట్టాల వెంట బాగా నాటారు, వాటిలో కొన్ని ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆకు అరచేయంత, మూడు నుంచి అయిదు తమ్మెలతో పత్తి ఆకును తలపిస్తుంది. కాయ గోళీకన్నా కాస్త పెద్దది. ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగి, చివరికి నల్లగా ఎండి మూడు పలుకులుగా విచ్చుతుంది. ఒక్కో పలుకులో ఒక నల్లటి గింజ. పెంకు తీస్తే లోపల తెల్లటి పప్పు ఉంటుంది. అది చేదుగా ఉండదు, తియ్యగా వేరుశనగ పప్పులా ఉంటుంది. ప్రమాదమంతా ఆ రుచిలోనే ఉంది. తిన్న కొద్దిసేపటికో కొన్ని గంటలకో గొంతు మంట, ఆగకుండా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్నపిల్లల్లో ఒంట్లో నీరంతా పోయి పరిస్థితి వేగంగా దిగజారుతుంది. ఇంకో సంగతి, దీని తొడిమ విరిచి ఆ పాలను గుండ్రంగా వంచిన పుల్లలో పట్టి బుడగలు ఊదడం పిల్లల ఆట. ఊదేటప్పుడు పాలు పెదాలకూ కళ్ళకూ అంటుతాయి. తినొద్దని చెప్పి ఊరుకోకండి, ఊదొద్దని కూడా విడిగా చెప్పాలి.

ఆముదం. ఆకు పెద్దది, చేతివేళ్ళు చాపినట్టు ఏడు నుంచి తొమ్మిది తమ్మెలు, అంచుల్లో రంపపు పళ్ళు. కాయలు మెత్తటి ముళ్ళతో గెలగా ఉంటాయి. గింజ నునుపుగా, గోధుమరంగు మచ్చలతో చూడముచ్చటగా ఉంటుంది. ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: "మరి నాయనమ్మ ఆముదం తాగించేది కదా?" దీనికి సరైన జవాబు చెప్పండి. గింజలోని రిసిన్ అనే విషం నూనెలో కరగదు, గానుగ ఆడాక చెక్కలో మిగిలిపోతుంది. నూనె వేరు, గింజ వేరు. కారణం తెలిసిన పిల్లలు మాట నిలబెట్టుకుంటారు.

గురివింద. కంచెల మీద పాకే సన్నటి తీగ, చింతాకును పోలిన ఆకులు. చలికాలంలో కాయలు ఎండి పగిలినప్పుడు ఎర్రటి గింజలు, ఒక్కోదానికి నల్లటి మచ్చ, కాయకే అతుక్కుని మెరుస్తూ కనిపిస్తాయి. గురివింద గింజ తన నలుపెరగదన్న సామెత చెబుతూనే ఆ నలుపును చూపించండి. బొమ్మలో కన్నా గట్టిగా గుర్తుండిపోతుంది. పెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగిన గింజ చాలాసార్లు అలాగే బయటికి వస్తుంది. నమిలినా, పూసల దండకోసం రంధ్రం పొడిచిన గింజ మింగినా లోపలి అబ్రిన్ అనే విషం బయటపడుతుంది. లక్షణాలు వెంటనే కనిపించకపోవచ్చు, మరుసటి రోజు కూడా మొదలవచ్చు. అందుకని "బాగానే ఉన్నాడుగా" అని ఇంట్లో ఉంచుకోవద్దు. వామనగుంటలకు చింతపిక్కలు వాడండి. మట్టి వినాయకుడి కళ్ళకు గురివింద గింజలు పెట్టే ఆనవాయితీ ఉన్న ఇళ్ళలో, నిమజ్జనానికి తీసుకెళ్ళే ముందు రెండు కళ్ళూ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. నేల మీద ఎర్రగా మెరిసే గింజ పాకే పిల్ల కంటికే ముందు పడుతుంది.

ఉమ్మెత్త. నడుమెత్తు మొక్క, పెద్ద ఆకులు, బూరలాంటి తెల్లటి లేదా ఊదా రంగు పువ్వు, ముళ్ళ గుండ్రటి కాయ. కాయ విచ్చితే లోపల గింజలు చదునుగా వంకాయ గింజల్లా ఉంటాయి. తోటకూర మళ్ళలో లేత ఉమ్మెత్త కలిసి మొలుస్తుంది కాబట్టి ఆకుకూర కోయడానికి పిల్లలను పంపేవాళ్ళు ఇది ముందు చూపాలి. తిన్న అరగంట, గంటలో నోరు ఎండిపోవడం, ముఖం ఎర్రబడి ఒళ్ళు కాలడం, నల్లగుడ్డు పెద్దదవడం, చూపు మసకబారడం, గుండె దడ కనిపిస్తాయి. ఆ తర్వాత పొంతనలేని మాటలు, గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులు ఆడించడం. దీన్ని గాలి సోకిందనుకుని మంత్రం వేయించడానికి తీసుకెళ్ళి గంటలు పోగొట్టుకోవద్దు.

గన్నేరు, పచ్చగన్నేరు. గన్నేరు ఆకు పొడుగ్గా కత్తిలా, కణుపుకు మూడేసి. పువ్వు గులాబీ, ఎరుపు, తెలుపు. పచ్చగన్నేరు ఆకు ఇంకా సన్నం, నిగనిగలాడుతుంది. పువ్వు పసుపు గంట. కాయ ఆకుపచ్చగా, ఇంచుమించు మూడు మూలలతో ఉండి పండితే నల్లబడుతుంది. లోపల గట్టి టెంక. గన్నేరు పప్పు అనేది ఈ టెంకలో ఉండేదాన్నే. ఈ రెండు చెట్లలోనూ వేరు, బెరడు, ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే, ఉడికించినా పోదు. ఇది గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తుంది. వాంతి అయి తేరుకున్నట్టు కనిపించిన పిల్లకు కూడా తర్వాత నాడి తప్పవచ్చు. కాబట్టి ఒక్క గింజ కొరికినా ఈసీజీ తీసే సదుపాయమున్న ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. నూరువరహాల గుత్తిలోంచి ఎర్రటి పువ్వు లాగి చివర తేనె చప్పరించే అలవాటు మన పిల్లల్లో చాలామందికి ఉంది. ఆ అలవాటే గన్నేరు పువ్వు దగ్గరికీ వస్తుంది. ఆ రెండు పూలనూ పక్కపక్కన పెట్టి తేడా చూపండి. గన్నేరు పుల్లతో పళ్ళు తోముకోవడం, దానికి కాయో కండో గుచ్చి కాల్చుకోవడం కూడా వద్దని చెప్పండి.

జిల్లేడు. దీన్ని తినే పిల్లలు తక్కువ. మొగ్గను వేళ్ళ మధ్య నొక్కి టప్‌మని పేల్చే పిల్లలు ఎక్కువ. పాలు వేలికి అంటుతాయి, ఆ వేలితో కన్ను నలుముకుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే తరచుగా నొప్పి పెద్దగా ఉండదు, కొన్ని గంటల తర్వాత చూపు పొగమంచులా మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని వదిలేయడం వల్లనే ఆలస్యమవుతుంది. జెముడు జాతి మొక్కల పాలు ఇందుకు భిన్నంగా వెంటనే భగ్గున మండుతాయి. రెండింటికీ చేయవలసింది ఒకటే: శుభ్రమైన నీటి ధారతో 15 నుంచి 20 నిమిషాలు కన్ను కడిగి, కంటి డాక్టరుకు చూపించడం.

ఇక చర్మానికి సంబంధించినవి. దూలగొండి కాయ గోధుమరంగు మఖమల్‌లా, కొంచెం వంకర తిరిగి ఉంటుంది. ఆ నూగు అంటితే ఒళ్ళంతా దురద. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది, కాబట్టి ముందు జిగురు టేపు అతికించి లాగేయాలి. ఆ తర్వాత చల్లటి నీళ్ళతో కడగాలి. బట్టలు విడిగా ఉతకాలి. పేడ పూయొద్దు, గీరుకున్న చోట పుండు పడుతుంది. వయ్యారిభామను పిల్లలతో చేత్తో పీకించకండి. కొందరికి చర్మం దద్దుర్లెక్కి నెలల తరబడి పోదు. పలాస, ఉద్దానం వైపు జీడితోటల్లో పచ్చి జీడిగింజ పెంకును పిల్లలు కొరకకుండా చూడాలి. పెంకులోని నూనె పెదాలనూ వేళ్ళనూ బొబ్బలెక్కిస్తుంది. అడవి ప్రాంతాల నల్లజీడి రసం కూడా అలాంటిదే.

అడవి అంచు ఊళ్ళలో ఇంకొన్ని ఉంటాయి. ముష్టి చెట్టుకు నారింజపండును పోలిన గట్టి పెంకు కాయలు కాస్తాయి, లోపల గుండీల్లాంటి గింజలుంటాయి. వాటిలోని విషం ఒళ్ళంతా బిగుసుకుపోయేలా చేస్తుంది. అడవినాభికి వానాకాలంలో మంట లేచినట్టుండే ఎర్ర పసుపు పువ్వు, ఆకు కొన తీగలా మెలితిరిగి పక్క కొమ్మను పట్టుకుంటుంది. దాని దుంపను గడ్డలు తవ్వుకునే పిల్లలు అడవి దుంప అనుకుంటారు. నక్కవుల్లి అచ్చం ఉల్లిగడ్డలాగే ఉంటుంది, వంటకు పనికిరాదు. కసివింద కాయలు బీడు భూముల్లో, బడి వెనకాల పుష్కలం. ఆ గింజలు తిన్న చిన్నపిల్లల్లో కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిన్న కేసులను పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో వైద్యులు గుర్తించారు.

ఏ వయసుకు ఎంత

మూడేళ్ళ లోపు పిల్లలకు నేర్పడమంటూ ఉండదు, దూరం పెట్టడమే. డైఫెన్‌బేకియా, మనీప్లాంట్, ఎడారి గులాబీ కుండీలను అందనంత పైకి ఎత్తండి, లేదా పాక్కునే పిల్ల ఉన్నన్నాళ్ళు ఎవరికైనా ఇచ్చేయండి. డైఫెన్‌బేకియా ఆకు నమిలితే సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని నాలుక వాచిపోతుంది. పచ్చి కందదుంప గొంతులో దురద పెట్టడానికి కారణమూ ఈ స్ఫటికాలే, కాకపోతే ఇక్కడ చాలా ఎక్కువ.

మూడు నుంచి అయిదేళ్ళ వాళ్ళకు ఒకే వాక్యం: "నోట్లో పెట్టే ముందు అమ్మనడుగు." మొక్కల పేర్లు అక్కర్లేదు. ఇంట్లో తినే పండు ఇచ్చేటప్పుడు కూడా "ఇది తినొచ్చా అని అడుగు" అని అలవాటు చేయించండి. రేగుపండు తినే ముందు అడిగిన పిల్ల గన్నేరు కాయ దగ్గర కూడా అడుగుతుంది.

ఆరేళ్ళు దాటాక మొక్కలు మొదలుపెట్టవచ్చు. వారానికి ఒక్క మొక్క చాలు, పది నిమిషాలు. మొక్కకు రెండడుగుల దూరంలో నిలబడండి. పేరు మీరు చెప్పకముందే పిల్లల చేత చెప్పించండి: ఆకు అంచు ఎలా ఉంది, కణుపుకు ఎన్ని ఆకులు, కాయ మీద ఏముంది, దేన్ని పోలి ఉంది. తర్వాత పేరు, ఆ తర్వాత అది ఏం చేస్తుందో ఒక్క వాక్యం. "చచ్చిపోతావు" అని బెదిరించవద్దు. బెదిరింపు విన్న పిల్లల్లో కొందరు భయపడి చెట్టన్నదే ముట్టరు, మిగతావాళ్ళు నిజమో కాదో చూద్దామనుకుంటారు. "అడవి ఆముదం తింటే వాంతులు ఆగవు, సూదులు, సెలైన్, రెండు రోజులు ఆసుపత్రి" అన్న మాట వాళ్ళకు సరిగ్గా అర్థమవుతుంది.

ఇంటికొచ్చాక బొమ్మ గీయించండి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, మీరు చూడవలసింది గుర్తులున్నాయా లేదా అని. ఉమ్మెత్త కాయకు ముళ్ళు, గురివిందకు నల్లమచ్చ, గన్నేరుకు కణుపుకు మూడాకులు గీశారంటే చూసినట్టే. ఏ గుర్తు లేకపోతే మరునాడు మళ్ళీ అదే మొక్క దగ్గరికి వెళ్ళండి, కొత్తది మొదలుపెట్టకండి.

నాలుగైదు మొక్కలయ్యాక పరీక్ష పెట్టండి. ఈసారి దారి చూపించేది పిల్లలు, మీరు వెనక నడవండి. విషపు మొక్కలతో పాటు రేగు, సీమచింత, నేరేడు లాంటి తినదగ్గవి కూడా ఆ దారిలో ఉండాలి. పిల్లలు అన్నిటికీ "విషం" అనేస్తుంటే వాళ్ళు చూడటం లేదు, ఊహిస్తున్నారు. సీతాఫలాన్ని సీతాఫలమని, గన్నేరును గన్నేరని విడదీయగలిగినప్పుడే నేర్చుకున్నట్టు. ఋతువు మారినప్పుడల్లా ఇదే దారి మళ్ళీ తిరగండి. పువ్వు మీద నేర్చుకున్న మొక్కను కాయ మీద గుర్తుపట్టలేకపోవడం సహజం. వానలు తగ్గాక అడవి ఆముదం కాయలు, చలికాలంలో గురివింద, దూలగొండి కాయలు పగిలే వేళ, ఈ రెండు తిరుగుళ్ళు మానొద్దు.

పదేళ్ళు దాటినవాళ్ళకు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పే పని అప్పగించండి. బువ్వలాటకు కూడా వాళ్ళనే కాపలా పెట్టండి. ఆటకు చింతపిక్కలు, బియ్యం, తోటకూర కాడలు ఇంట్లోంచే ఇస్తే కంచె దగ్గరికి పోవలసిన అవసరం రాదు.

పత్రి విప్పే రోజు

ఏడాదిలో పాఠం చెప్పడానికి వినాయక చవితిని మించిన రోజు లేదు. 21 పత్రాల్లో దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, కరవీర పత్రం అంటే గన్నేరు, అర్క పత్రం అంటే జిల్లేడు. ఏడాదంతా "ముట్టుకోకు" అన్న మూడు మొక్కలనూ ఆరోజు చేతికిచ్చి దేవుడి ముందు పెట్టమంటాం. పిల్లలకు ఇక్కడే గందరగోళం. విషమైతే పూజకెందుకు? పూజకు పెట్టేదంతా తినేది కాదని, పూజామందిరంలో కర్పూరం కూడా తినం కదా అని చెబితే సరిపోతుంది.

పత్రి కట్ట నేల మీద న్యూస్‌పేపర్ పరిచి విప్పండి. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి ముందు ఈ మూడు ఆకులను వెతికి పక్కన పెట్టమనండి. వెడల్పుగా, పొడి చల్లినట్టు బూడిదరంగు తిరిగి, కాడ విరిస్తే తెల్లటి పాలు కారేది జిల్లేడు. పొడుగ్గా, మందంగా, మధ్య ఈనె కొట్టొచ్చినట్టు కనిపించేది గన్నేరు. వెడల్పుగా, మెత్తగా, నలిపితే పచ్చివాసన వేసేది ఉమ్మెత్త. నలపడం మాత్రం మీ చేత్తో చేయండి. సరదాగా మిగతా ఆకులనూ చూడనివ్వండి. తులసి, మామిడి, రావి, మారేడు ఏవో చెప్పగలిగితే అదే పెద్ద పండగ. కట్టలో వాకుడు కాయలు వస్తే పసుపుపచ్చగా గోళీల్లా ఉంటాయి, వాటిని కూడా తీసి పక్కన పెట్టండి.

ఆ తర్వాత చేయవలసింది చాలామంది ఇళ్ళలో జరగదు. పత్రి తాకిన చేతులు సబ్బుతో కడిగాకే ఉండ్రాళ్ళు, కుడుములు. పూజలో చేతులు నీళ్ళతో తడుపుకోవడం కడుక్కోవడం కాదు. రథసప్తమికి తలమీద పెట్టుకునే జిల్లేడు ఆకులను పెద్దవాళ్ళే కోయాలి. కోశాక కాసేపు కాడ కిందికి పెట్టి పాలు కారనిచ్చి, కడిగి, అప్పుడు పిల్లల తలమీద పెట్టి, కళ్ళు మూసుకోమని చెప్పి నీళ్ళు పోయండి.

నమ్మకూడని కొండగుర్తులు

"పాలు కారితే విషం" అని చెబుతుంటారు. వాక్కాయ, పనస, సపోటా, మేడి అన్నిటికీ పాలుంటాయి, అన్నీ తింటాం. ఉమ్మెత్తకూ గురివిందకూ పాలు లేవు. "పక్షులు తింటే మనమూ తినొచ్చు" అన్నది ఇంకా ప్రమాదం. కోయిలలు పచ్చగన్నేరు పండు హాయిగా తింటాయి. "చేదుగా ఉంటేనే విషం" అన్నదాన్ని అడవి ఆముదం పప్పు అబద్ధం చేస్తుంది. "ముళ్ళ కాయ తినకూడదు" అంటే ఆగాకర కాయ సంగతేమిటి? తేడా చూపాలంటే ఆగాకర తీగకు కాస్తుంది, ఉమ్మెత్త నిలబడ్డ మొక్కకు కాస్తుంది అని చెప్పాలి. పండితే తినేవి కూడా కాయగా ఉన్నప్పుడు పనికిరాకపోవచ్చు. కామంచి నల్లగా పండితే తింటారు, పచ్చికాయ వద్దు. అన్నిటికీ సరిపోయే ఒక్క గుర్తు ప్రకృతిలో లేదు. అందుకే మొక్కనే తెలుసుకోవాలి, తెలియకపోతే అడగాలి.

తిన్నారని తెలిసిన నిమిషంలో

నోట్లో మిగిలినదాన్ని వేలితో తుడిచి బయటికి తీయండి, నీళ్ళు పుక్కిలించి ఉమ్మించండి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, పేడనీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు, గొంతులో వేలు పెట్టవద్దు. మగతలో ఉన్న పిల్లకు వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్ళు చిన్నపిల్లల రక్తంలో ఉప్పు పెంచి దానికదే ప్రాణం మీదికి తెస్తాయి. మెలకువగా ఉండి మింగగలుగుతుంటే నాలుగు గుక్కల మంచినీళ్ళు ఇవ్వవచ్చు, అంతే. డైఫెన్‌బేకియా నమిలి నోరు మండుతుంటే చల్లటి పాలు గుక్కెడు ఉపశమనమిస్తాయి. గొంతు వాచి ఊపిరి కష్టమైతే ఏమీ తాగించవద్దు.

స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 108. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టవద్దు. ఉమ్మెత్త తిన్న పిల్లకు దుప్పటి కప్పవద్దు, ఒళ్ళు ఇప్పటికే కాలుతుంటుంది. బట్టలు వదులు చేసి, మెట్లు, బావి, రోడ్డు దగ్గరికి పోకుండా పట్టుకోండి.

బయల్దేరే ముందు ఒక మనిషిని ఆ మొక్క దగ్గరికి పంపండి. ఆకు, పువ్వు, కాయ మూడూ ఉన్న చిన్న కొమ్మ విరిచి కవర్లో వేసుకుని రావాలి. ఒక్క గింజ చూపిస్తే డాక్టరుకు తేల్చుకోవడం కష్టం. ఏం తిన్నారు, ఎన్ని, ఎన్ని గంటలకు, పిల్ల బరువెంత, ఇప్పటిదాకా ఎన్ని వాంతులు, ఇవి కాగితం మీద రాసుకోండి. ఆ గుంపులో ఇంకెవరెవరు ఆడుకున్నారో అడిగి వాళ్ళందరి ఇళ్ళకూ కబురు పంపండి. ఒకరికి వాంతులు మొదలయ్యాయంటే, తిని చెప్పకుండా ఊరుకున్నవాళ్ళు ఇంకొందరు ఉంటారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 టోల్‌ఫ్రీ నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. మీరూ అడగవచ్చు, మీ ఊరి డాక్టరూ అడగవచ్చు. కానీ ఆ ఫోన్ కోసం ఆసుపత్రి ప్రయాణం ఆపవద్దు.

కంచె మార్చేటప్పుడు

బడి ఆవరణలో, అంగన్‌వాడీ చుట్టూ అడవి ఆముదం, పచ్చగన్నేరు ఉంటే తీసేయించాలని అడగడం తల్లిదండ్రుల హక్కు. కొట్టించేది పిల్లలు లేని రోజున, కాయలు పండకముందే. రబ్బరు చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కళ్ళద్దాలు వేసుకోవాలి. కొమ్మలు కాల్చవద్దు, గన్నేరు పొగ కళ్ళనూ ఊపిరితిత్తులనూ ఇబ్బంది పెడుతుంది. గొయ్యి తీసి పూడ్చండి, పశువులు మేసే చోట కుప్ప పోయకండి. పచ్చగన్నేరు చెట్టు గుడిదైతే, పూల కోసం ఉండాలంటే, రాలిన కాయలను రోజూ ఊడ్చి ఎత్తే బాధ్యత ఒకరికి అప్పగించాలి. గురివింద తీగను కోసి వదిలేస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేరుతో తవ్వాలి. తవ్వాక కిందపడిన గింజలను ఏరండి, మట్టిలో మిగిలినవి తర్వాతి వానలకు మొలుస్తాయి. ఆ ఏడాది భాద్రపదంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఆ చోటుకే వెళ్ళి మళ్ళీ చూడండి.